ఒక ఆఫీసర్‌ను తీసేస్తే తప్పు తీరుతదా?



ఒక పెద్ద ప్రమాదం జరుగుతుంది. పొద్దుగూకక ముందే ఒక అధికారి సస్పెండ్ అయినట్టు టీవీలో స్క్రోలింగ్ వస్తుంది. "మంచిగైంది, అట్లనే కావాలె" అనుకుంటాం. కడుపులో మంట కొంచెం సల్లబడుతుంది. తెల్లారి మన పని మనం చూసుకుంటాం. మరి న్యాయం జరిగినట్టేనా? ఈ చిన్న పుస్తకంలో ఆ ఒక్క ప్రశ్న మీద మీతో మాట్లాడాలని ఉంది.

దూరం పోనక్కరలేదు, మన కొండగట్టు దగ్గరే ఉంది ఉదాహరణ. 2018 సెప్టెంబర్ 11, మంగళవారం. శనివారంపేట నుంచి జగిత్యాల పోతున్న ఆర్టీసీ బస్సు ఘాట్ రోడ్డు దిగుతూ లోయలో పడింది. కొడిమ్యాల మండలంలోని ఊర్లకు ఊర్లే ఆ రోజు ఏడ్చినయి. 60 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. యాభై చిల్లర మంది కూర్చునే బస్సులో నూరు మందికి పైగా ఉన్నారు. డ్రైవర్ కూడా పోయిండు. జగిత్యాల డిపో మేనేజర్‌ను ప్రభుత్వం వెంటనే సస్పెండ్ చేసింది. చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 5 లక్షల చొప్పున పరిహారం ప్రకటించింది.

అప్పుడు జనం నోట రెండు మాటలు వినబడ్డయి. ఒకటి, "వాళ్ళ ఖర్మ అట్ల రాసి ఉన్నది." రెండు, "ఆ ఆఫీసర్‌ను పీకేసిండ్రు, పీడ పోయింది." మొదటి మాట దేవుని పేరు మీద వస్తుంది, రెండోది సర్కారు పేరు మీద. చూడటానికి రెండూ వేరు. కానీ జాగ్రత్తగా చూడండి, రెండూ చేసే పని ఒక్కటే. రెండూ ప్రశ్నను ఆపేస్తాయి. ఖర్మ అన్నాక ఇక అడిగేది ఏముంది? ఆఫీసర్ పోయిండు అన్నాక మాత్రం ఇక వెతికేది ఏముంది?

బాబాసాహెబ్ మనకు ఇచ్చిన ధమ్మంలో ఖర్మకు చోటు లేదు, కర్మకు ఉంది. ఒక్క అక్షరం తేడా గాని భావంలో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. ఖర్మ అంటే ఎవరో రాసిపెట్టింది. కర్మ అంటే మనిషి తెలిసి చేసిన పని, దాని ఫలం. పోయిన జన్మ పాపం అనే మాటను బాబాసాహెబ్ ఎందుకు ఒప్పుకోలేదు? ఆ మాట బాధపడేవాని మీదనే తప్పు మోపుతుంది, బాధ పెట్టిన ఏర్పాటును వదిలిపెడుతుంది. కాబట్టి మొదటి మాటను మనం సులువుగానే పక్కన పెడతాం. కష్టం రెండో మాటతోనే. అది మనకు కూడా తియ్యగనే ఉంటది.

బుద్ధుడు చెప్పిన ప్రతీత్య సముత్పాదం ఏమంటుంది? ఇది ఉంటేనే అది ఉంటుంది, ఇది ఆగితే అది ఆగుతుంది. ఏదీ ఒక్క కారణంతో పుట్టదు. ఈ సూత్రాన్ని విహారంలో వినడమే కాదు, బస్టాండులో కూడా వాడాలి. వాడి చూద్దాం. బస్సులో నూరు మంది ఎందుకు ఎక్కిండ్రు? తర్వాతి బస్సు ఎప్పుడొస్తదో తెలియదు కాబట్టి. ఎందుకు తెలియదు? పల్లె రూట్లలో బస్సులు తక్కువ. ఎందుకు తక్కువ? పల్లె సర్వీసు నష్టం అంటారు. ఎవరు అంటారు? లెక్కలు అంటాయి. డిపో మేనేజర్ పనిని కొలిచేది ఏమిటో ఆర్టీసీలో పని చేసే మన అన్నదమ్ములను అడగండి. ఓఆర్, అంటే సీట్లు ఎంత నిండినయి. ఈపీకే, అంటే కిలోమీటరుకు ఎంత రాబడి. కేఎంపీఎల్, అంటే లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు. కిక్కిరిసిన బస్సు ఈ లెక్కల్లో మంచి బస్సు! ఇంకో బస్సు వేసిన మేనేజర్ ఓఆర్ తగ్గుతుంది. ఘాట్ మీద చనిపోయిన ఆ డ్రైవర్‌కు అంతకుముందు ఉత్తమ డ్రైవర్ అవార్డు వచ్చిందని అప్పటి పత్రికలు రాశాయి. ఈ ముక్క మీద కొంచెంసేపు ఆగి ఆలోచించండి. మెచ్చుకున్నదీ ఆ వ్యవస్థనే, పైనుంచి పడేసిందీ ఆ వ్యవస్థనే.

ఇక్కడ మీరు ఒక మాట అడుగుతారు, అడగాలి కూడా. "అందరూ కారణమే అంటే ఎవరూ కారణం కాదు అన్నట్టే గదా? ఆఫీసర్‌ను కాపాడుతున్నవా?" లేదు. బస్సు కండిషన్ చూసుకోవడం, ఏ రూటులో ఎంత మందితో పోతుందో చూసుకోవడం డిపో మేనేజర్ బాధ్యతనే. ధమ్మం ఎవరినీ ఊరికే వదలదు. అయితే అది ముందు చేతనను చూస్తుంది. తెలిసి దాచిపెట్టినవాడు ఒకడు. తెలిసి పైకి చెప్పినా విననివాళ్ళ కింద పని చేసినవాడు ఒకడు. తెలుసుకోవాల్సి ఉండి, పట్టించుకోనివాడు ఇంకొకడు. ఈ ముగ్గురి తప్పూ ఒకటి కాదు. ఎవరు ఏ వరుసలో ఉన్నరో విచారించకుండా చెప్పలేం.

మూడోవాని తప్పుకు పాళీలో ఒక పేరుంది, పమాదం. పంచశీల చెప్పుకునేటప్పుడు ఐదవ శీలంలో మనం రోజూ ఆ మాట పలుకుతాం. పమాదం అంటే ఏమరుపాటు, అజాగ్రత్త. సంస్కృతంలో అదే ప్రమాదం. మన తెలుగులో ఆ మాట మెల్లగా "యాక్సిడెంట్" అయిపోయింది, తనంతట తాను జరిగిపోయేది అన్నట్టు. అసలు అర్థం గుర్తు పెట్టుకోండి. ఎవరో ఏమరిస్తేనే ప్రమాదం. తథాగతుడు ఆఖరి మాటగా చెప్పింది కూడా ఏమరవద్దనే. ఏమరుపాటు డిపోలో ఉండవచ్చు, బస్ భవన్‌లో ఉండవచ్చు, సచివాలయంలో ఉండవచ్చు. ఒక్క కుర్చీకే అది అంటుకొని ఉండదు.

సస్పెన్షన్ గురించి కూడా ఒక సంగతి తెలుసుకోవాలి. సర్వీసు నిబంధనల ప్రకారం సస్పెన్షన్ శిక్ష కాదు. విచారణ సక్కగ జరగడానికి మనిషిని పక్కన పెట్టడం. అంటే అది తలుపు తెరవడం. మనమేమో దాన్ని తలుపు మూయడం అనుకుంటున్నాం. విచారణ ఏమైంది, ఏం తేలింది, ఏం మారింది అని అడిగేటోళ్ళు లేకపోతే సస్పెన్షన్ ఉత్త తమాషా అవుతుంది.

1956 గుర్తు చేసుకుందాం. ఆ ఏడు సెప్టెంబర్ 2న మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది, నూరు మందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో తమిళనాడు అరియలూర్ దగ్గర మరో రైలు పడింది. శాస్త్రి మళ్ళీ రాజీనామా ఇచ్చారు, ఈసారి ఒప్పుకున్నారు. ఆ రెండు ప్రమాదాల నడుమనే, అక్టోబర్ 14న, నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నారు. శాస్త్రి వంతెన కట్టలేదు, రైలు నడపలేదు. అయినా బాధ్యత తన మీద వేసుకున్నారు. రాజీనామాతో వంతెన బాగు కాదు, అది నిజమే. కానీ అప్పుడు బాధ్యత పైకి ఎక్కింది. కొండగట్టులో కిందికి జారింది. తేడా అక్కడ ఉంది.

ఈ జారుడు మనకు కొత్తనా? కాదు. కులం గురించి బాబాసాహెబ్ చెప్పింది గుర్తుంది కదా, మెట్లు మెట్లుగా పైకి పోతుంటే గౌరవం, కిందికి వస్తుంటే తిరస్కారం. ఆఫీసుల్లో కూడా అదే నిచ్చెన. అవార్డు పైకి పోతుంది, తప్పు కిందికి వస్తుంది. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే అణగారిన వర్గాల కార్మికుల సభలో బాబాసాహెబ్ మాట్లాడారు. రైల్వేలో మనవాళ్ళను గ్యాంగ్‌మన్ పని దాటి పోనియ్యని తీరును ఎత్తి చూపారు. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం, ఈ రెండూ కార్మికునికి శత్రువులు అన్నారు. రైలైనా బస్సైనా, ఎవరి పని ఎక్కడ ఆగిపోతుంది, ఎవరి తప్పు ఎక్కడి దాకా పోతుంది అనేది మనకు మొదటి నుంచీ చావుబతుకుల ప్రశ్ననే.

ఇంకో సంగతి. 2019 అక్టోబర్ 5న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగితే, సుమారు 48 వేల మంది తమంతట తామే ఉద్యోగాలు పోగొట్టుకున్నారని ముఖ్యమంత్రి ప్రకటించారు. నోటీసు లేదు, వినికిడి లేదు. ఒక్క మాట! నవంబర్ చివర సమ్మె ముగిసి మళ్ళీ పనిలోకి తీసుకునే దాకా ఆ ఇళ్ళల్లో ఎట్ల గడిచిందో మీకు తెలుసు. ఒక ఆఫీసర్‌ను సాయంత్రానికి తీసేసినప్పుడు చప్పట్లు కొట్టిన చేతులు, కార్మికులను తీసేసినప్పుడు వణికినయి. కానీ రెండింటి వెనకా ఉన్న అలవాటు ఒక్కటే, వినకముందే తీర్పు.

ప్రభుత్వ ఉద్యోగిని చార్జీలు చెప్పకుండా, అతని మాట వినకుండా డిస్మిస్ చేయవద్దని రాజ్యాంగం 311వ అధికరణం అంటుంది. 2019లో ఆర్టీసీ కార్మికులు కార్పొరేషన్ ఉద్యోగులు కాబట్టి ఆ అధికరణం వాళ్ళకు నేరుగా వర్తించలేదు. అయినా నీతి అదే. రెండువేల ఐదువందల ఏండ్ల కింద భిక్షు సంఘం కూడా ఇదే నియమం పెట్టుకుంది. వినయపిటకంలో దాని పేరు సమ్ముఖావినయం. ఆరోపణ ఎవరి మీద వచ్చిందో వాళ్ళు ఎదురుగా ఉండగానే తేల్చాలి. వెనక చాటున చేసిన తీర్పు చెల్లదు. మనకు ఇష్టం లేనివానికి కూడా ఈ హక్కు ఇస్తేనే, రేపు మనవానికి అది దొరుకుతుంది.

కూటదంత సుత్తంలో మహావిజితుడనే రాజు కథ ఉంది. రాజ్యంలో దొంగతనాలు పెరిగాయి. పట్టి కొట్టడం, చంపడం, వెళ్ళగొట్టడం చేస్తే మిగిలినవాళ్ళు మళ్ళీ మొదలు పెడతారని పురోహితుడు రాజుకు చెప్పిండు. రైతుకు విత్తనాలు, వ్యాపారికి పెట్టుబడి, కొలువు చేసేవానికి జీతం ఇవ్వుమన్నడు. రాజు అట్లనే చేస్తే దొంగతనం దానంతట అదే ఆగింది. దోషిని వదిలెయ్యమని కాదు దాని సారం. శిక్షతోనే పని అయిపోయిందని అనుకోవద్దని.

అందుకే మిత్రులారా, ఈసారి మీ దగ్గర ఏదైనా జరిగినప్పుడు, కోపం రావాలి, వస్తుంది. ఆ కోపాన్ని ఒక్క మనిషి మీద పోసి ఖాళీ చేసుకోకండి. విచారణ నివేదిక కాపీ ఇవ్వుమని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. మన ఊరికి రోజుకు ఎన్ని బస్సులు, ఎన్నేండ్ల బస్సులు, ఏ దారిన పోతున్నయి అని డిపోకు పోయి అడగండి. గ్రామసభలో తీర్మానం రాయించండి. బస్సు నిండిపోతే, రెండో బస్సు కావాలని డ్రైవర్‌తో కాదు, డిపోతో కొట్లాడండి. చనిపోయినవాళ్ళ ఇండ్లకు పరిహారం అందిందా, పిల్లలు బడికి పోతున్నరా అని ఏడాది తర్వాత కూడా పోయి చూడండి. కరుణ అంటే ఆ రోజు ఏడవడం ఒక్కటే కాదు.

ఒక కుర్చీలో నుంచి మనిషిని లేపడం ఒక్క సంతకంతో అయ్యే పని. ఆ కుర్చీలో రేపు ఇంకొకరు కూర్చుంటారు, అవే లెక్కలు, అవే టార్గెట్లు, అదే బస్సు. లెక్కను మార్చమని అడిగేదాకా మన పని కాలేదు.

జై భీమ్! నమో బుద్ధాయ!