నిత్యకర్మమును దైవసేవయును

మన దేశమున నిత్యకర్మ మనగా స్నానము, సంధ్య, జపము, దేవతార్చనము అని వాడుక. ఇవి ముగిసిన పిమ్మట మనుష్యుడు చేయు సేద్యమునకు గాని, వర్తకమునకు గాని, కూలికి గాని, వంటకు గాని ఆ పేరు చెల్లదు. అవి పొట్టకొఱకు చేయునవి. ఇట్లు దినమును రెండుగా చీల్చి, చిన్న భాగమును దేవునికిని, పెద్ద భాగమును పొట్టకును ఒప్పగించితిమి. అందుచేతనే ఉదయమున నొక గడియ పూజ చేసి, తక్కిన పగలెల్ల దొంగతూకము తూచువాడు సైతము తాను భక్తుడనని నమ్మి నిద్రించుచున్నాడు. ఈ విభాగము సరియైనదా? క్రైస్తవమత మీ ప్రశ్నకు నేమి సమాధాన మిచ్చినదో విచారింతము. సత్య మెవరినోట వచ్చినను గ్రహింపదగినదే గదా.

ఏసుక్రీస్తు బోధకుడు గాకమున్ను వడ్రంగి. పౌలు గుడారములు కుట్టి జీవించుచు మతబోధ చేసెను. వీనికంటె గమనింపదగిన విషయ మొకటి గలదు. పేతురు యొప్పే పట్టణమున తోళ్లు పదునుచేయు సీమోను ఇంట బసచేసినట్లు అపొస్తలుల కార్యములలో నున్నది. నాటి యూదులు ఆ వృత్తిని హేయముగా చూచెడివారు. మన గ్రామములలో చర్మకారుని యిల్లు ఊరి వెలుపల నుండుట నెఱిగిన మనకు ఆ బస యెంతటి సాహసమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

కాలక్రమమున ఐరోపాలోను మనవంటి విభాగమే యేర్పడెను. మఠమున నుండువాడు పవిత్రుడు, మడకపట్టువాడు లౌకికుడు అనిరి. 1520లో జర్మనీదేశపు మార్టిన్ లూథరు దీనిని ఖండించెను. చెప్పులు కుట్టువాడును, కమ్మరియు, కర్షకుడును మతగురువుతో సమానముగా దీక్షితులే. తన పనిచే పొరుగువాని కుపకరించుటయే ప్రతివాని దైవసేవ యని అతని వాదము. ఆ లూథరు మతానుయాయులే 1865లో మన సీమకు వచ్చిరి. హెర్మన్స్‌బర్గు మిషనుకు చెందిన ఆగస్టు మైలియస్ సూళ్లూరుపేటలో పని ప్రారంభింపగా, అది గూడూరు, నాయుడుపేట మొదలగు తావులకు వ్యాపించెను. నేటి దక్షిణాంధ్ర లూథరన్ సంఘము ఆ శాఖయొక్క ఫలమే.

ఈ సిద్ధాంతమును గూడూరి పనిపాటులయందే పరీక్షింతము. ఈ ప్రాంతము అభ్రకమునకు ప్రసిద్ధి; జను లిచ్చట దానిని కాకిబంగార మందురు. గనినుండి వచ్చిన దిమ్మెను స్త్రీలు కత్తిమొనతో పొరలు పొరలుగా విడదీసి, మచ్చలున్న రేకు నొకవైపునకును, నిర్మలమైనదాని నొకవైపునకును వేసెడివారు. అభ్రకము విద్యుత్తును తనగుండ పోనీయదు, వేడిమికి చెడదు; కావున యంత్రములలో మెఱపుశక్తిని అదుపున నుంచుట కుపయోగించెను. పగులుగల రేకు మంచివానిలో చేరినచో, ఎక్కడనో దూరదేశమున యంత్రము చెడును, మనుష్యునికిని హాని కలుగవచ్చును. ఆ హాని పొందువాని నామె యెన్నడును చూడదు; అతడును ఆమె నెఱుగడు. అయినను ఆ రేకును ఏరి పారవేయుచున్నది. అట్లే గూడూరు జంక్షనువద్ద రాత్రివేళ చేతిదీపముతో పట్టాలవెంట నడచి, సడలిన మరను బిగించు పనివాడును తాను రక్షించిన ప్రయాణికుల ముఖముల నెఱుగడు. నిమ్మకాయల బస్తాలో పైన మేలికాయలను, అడుగున కుళ్లినవానిని పెట్టక నింపు వర్తకుడును అట్టివాడే. ఎవరును చూడనప్పుడు, ఎఱుగనివాని మేలుకొఱకు చేయు నీ జాగ్రత్త ప్రార్థనకంటె నెందు తక్కువ?

అయిన నిచ్చట నొక గొప్ప యాక్షేపణ గలదు. దానిని దాటిపోవుట న్యాయము గాదు. పనియే పూజ యని బోధించుట కూలి తగ్గించువానికి మిక్కిలి యనుకూలము. నీ పని పవిత్రమైనది, కావున నోరెత్తక చేయుమని చెప్పవచ్చును. లూథరే 1525లో కర్షకులు తిరుగబడినప్పుడు ప్రభువుల పక్షము వహించెను. మన దేశమున స్వధర్మమను పేరితో ఒక్కొక్క జాతిని ఒక్కొక్క పనికి తరతరములుగా కట్టివేసితిమి. పాకీపనిని పొగడి ఆ పనివారిని దానియందే నిలుపు స్తోత్రపాఠమును అంబేద్కరు తీవ్రముగా గర్హించెను. మనుష్యమలమును చేతులతో ఎత్తించుటను 1993, 2013 సంవత్సరముల శాసనములు నిషేధించినవి. ఆ పనిని పూజయని కొనియాడుట ధర్మము కాదు. దానిని మాన్పించుటయే ధర్మము.

ఈ యాక్షేపణకు సమాధానము క్రైస్తవగ్రంథమునందే యున్నది. పొలము కోసినవారికి పట్టియుంచిన కూలి దేవునికి మొఱపెట్టునని యాకోబు పత్రిక హెచ్చరించుచున్నది. ద్రాక్షతోట కథలో యజమానుడు పొద్దుగ్రుంకువేళ వచ్చినవానికిని పూర్తికూలి నిచ్చెను. కాబట్టి పని పవిత్రమన్న వాక్యము మొదట వినవలసినవాడు పనిచేయువాడు కాడు, చేయించుకొనువాడు. ఆమె చేయునది దైవసేవయైనచో, ఆ సేవకురాలికి చాలీచాలని కూలి యిచ్చి, గాలియాడని కొట్టమున కూర్చుండబెట్టుట దేవాలయమున దొంగతనము చేయుటయే.

పవిత్రత పనియందున్నది, పుట్టుకతో వచ్చిన సంకెలయందు లేదు. మహాభారతమున మాంసవిక్రయము చేయు ధర్మవ్యాధుడు వేదాధ్యయనపరుడైన కౌశికునికి ధర్మ ముపదేశించెను. ఆ కథను మనము పురాణకాలక్షేపములయందు విని తలలూపితిమి. కాని మన యూరి చర్మకారునిచేత ఉపదేశము పొందుటకు మాత్ర మంగీకరింపలేదు. అతని బిడ్డ బడికి పోయి వేఱొకవృత్తి కోరినప్పుడు ఆనందించువాడే అతని వృత్తిని గౌరవించువాడు. వృత్తిని పొగడుచు దారి మూయువాడు గౌరవించుచున్నది తన సౌఖ్యమునే.

కావున చదువరులారా, మన యిండ్లలో అంట్లు తోమునామె పేరు మన కెఱుకయా? ఆమె జబ్బుపడిన దినమున కూలి కోయుచున్నామా? మన కచ్చేరిలో దరఖాస్తు పట్టుకొని నిలిచిన పేదవాని కాగితమును నేడు చూడవలసియుండి రేపటికి త్రోయుచున్నామా? దేవునియెదుట కనులు మూసికొనుటకు ముందు ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుకొందము. పూజకు కేటాయించిన గడియను తగ్గింపనక్కఱలేదు. తక్కిన గడియలు దానికి సాక్ష్యము పలుకవలెను.