ఇచ్చినదానిపై హక్కు

ఒకరికి ఇచ్చినదానిని వారు మార్చి మఱియొకరికి ఇచ్చినచో, మొదట ఇచ్చినవాడు అభ్యంతరము చెప్పవచ్చునా? ఈ ప్రశ్న మాకు శాస్త్రగ్రంథములలో ఎదురుపడలేదు; పిల్లల ఆటలో ఎదురుపడినది. చదువరులు నవ్వినను సరియే, కడవరకు చదివిన చాలును.

అమెరికా దేశస్థులైన టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అను సోదరులు రచించిన ‘డ్వార్ఫ్ ఫోర్‌ట్రెస్’ అను కంప్యూటరు ఆట 2006లో వెలువడినది. మరుగుజ్జుల గుంపొకటి కొండను తొలిచి కోట గట్టుకొని బ్రదుకుట దానిలోని కథ. ఆడువాడు వారికి పనులు పురమాయించు పెద్ద మాత్రమే. కమ్మరికి కొలిమి, కుమ్మరికి ఆవము, వడ్రంగికి వేఱొక చోటు. ఇనుము, దుక్క ఇనుము, మలినములను విడదీయు సున్నపురాయి, బొగ్గు ఇన్నియు గూడినగాని ఆ కొలిమిలో ఉక్కు దిగదు. వింత యేమనగా, ఈ పాకములన్నియు ఎవరైనను తెఱచి చదువదగిన సాదా ఫైళ్లలో వ్రాసియున్నవి. ఏ పదార్థమెంత, ఏ కార్ఖానాలో, ఏ పనివాడు చేయవలెను, నూటికెన్ని మాఱులు ఫలము సిద్ధించును అనునవి చదువవచ్చును, దిద్దవచ్చును, క్రొత్తవి చేర్పవచ్చును. ఇట్టి చేర్పునకే మాడ్ అని పేరు.

మాయొద్ద చదువుకొను బాలుడొకడు ఈ విద్యలో ఆఱితేరినాడు. నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రములో పూర్వము మట్టిమూసలలో ఇనుమును కాచి మేలైన ఉక్కు తీసెడివారని మేము పాఠములో చెప్పగా విని, ఆ విధమును ఆటలో చేర్పదలచెను. మొదటి యత్నములో ఒక యినుపకడ్డీకి, ఒక దుంగకు అయిదు ఉక్కుకడ్డీలు వచ్చునట్లు వ్రాసినాడు. రెండు దినములలో కోట యంతయు ఉక్కుమయమైనది. మూడవనాడు చేయుటకేమియు మిగులలేదు. బాలుడు ఆవులించుచు మాయొద్దకు వచ్చెను. మూస ఒక్క కాపునకే పనికివచ్చి పగిలిపోవుననియు, కాపు చెడిపోవుటయు కలదనియు మేము చెప్పితిమి. అపుడు వాడు మట్టి త్రవ్వించి, మూస చేయించి, ఆవములో కాల్పించి, కొన్ని మాఱులు ఉక్కు దిగకుండునట్లును దిద్దినాడు. ఆట మరల ప్రాణము పోసికొన్నది. పరీక్షాపత్రములు కూర్చు మాకు ఈ సంగతి కొంత పరిచితమే!

అటుపిమ్మట దానిని పదిమందికి ఇచ్చినాడు. నెలదినములు గడువకమున్నే ఎవరో దానిని సులభతరముగా మార్చి, వీని పేరు తీసివైచి, తమదిగా పంచిరి. “ఇకమీద నా చేర్పు నెవరూ ముట్టగూడదని వ్రాసేస్తానండీ, పంతులుగారూ” అని వాడు కంట తడిపెట్టెను.

ఆ కోపము నిష్కారణమని మేమనము. పేరు తీసివేయుట దొంగతనమే. మఱియొకరు చెడగొట్టిన పాకమునకు తిట్లు మొదటివానికి తగులుటయు కలదు. కాని ముట్టగూడదను మాట వేఱు. ఆటకు క్రొత్త కూర్పు వచ్చినపుడెల్ల పాత చేర్పులు చెడుచుండును. 2022 డిసెంబరులో సచిత్రమైన కూర్పు వెలువడగా, ఫైళ్ల యమరిక మాఱి, వెనుకటి చేర్పులను మరల దిద్దవలసివచ్చినది. చేసినవాడు ఆటనే మానివేసినచో, తాళము వేసిన ఆ చేర్పును బాగుచేయు నధికారమెవరిది?

తన స్వత్వము తొలగి పుచ్చుకొన్నవానికి స్వత్వము కలుగుటయే దానమని మన ధర్మశాస్త్ర వ్యాఖ్యాతలు నిర్వచించిరి. గోవునకును భూమికిని ఇది సరిపోవును. పాకము నిచ్చినవాని పాకము వానియొద్దనే యున్నదే! పాఠము చెప్పిన పంతులు పాఠమును పోగొట్టుకొనునా? పోనిదానికై కాపలా యుండుట మాకు సమంజసముగా తోపదు. పోగలిగినది పేరొక్కటే, కాపాడవలసినదియు నదియే.

కూలి యడుగుట దోషము కాదా యని కొందఱు ప్రశ్నింతురు. కాదు. 2015 ఏప్రిలులో వాల్వ్ సంస్థ ‘స్కైరిమ్’ అను ఆటకు చేర్పులను అమ్ముకొననిచ్చి, వెలలో నూటికి 25 పాళ్లు మాత్రము చేసినవారికి విడిచినది. ఆటగాండ్ర యలజడికి కొలది దినములలోనే ఆ యేర్పాటును తీసివేసిరి. శ్రమకు వెల కోరినవారిని లోభులని తిట్టుట మాకు నచ్చలేదు. ఆ భాగమును న్యాయముగా లేదు. అయినను అమ్మకమునకు పెట్టిన ఒక చేర్పులో మఱియొకరి పని కలిసియున్నదని తగవు వచ్చి దానిని తీసివేయవలసివచ్చినది. ఈ ముడి డబ్బుతో విడునది కాదు, ఏలయన ఏ చేర్పును ఒక్కని చేతిపని కాదు.

ఈ మాటయే బాలునితో ననుచు, “మూసలు చేయు నీ మట్టికార్ఖానా నెక్కడ నేర్చితివోయి?” అని యడిగితిమి. ఎవరో వ్రాసిన పాత చేర్పునుండి ఎత్తుకొని దిద్దితినని చెప్పెను. వారి పేరు నీ ఫైలులో చూపుమంటిమి. వాడు చాలసేపు తెరను పైకిని క్రిందికిని జరుపుచు వెదకెను. ఆనాడు మూడవ పాఠమునకు వాడు రాలేదు. మఱునాడు వచ్చి, ఆ పాత చేర్పు ఎక్కడినుండి తెచ్చుకొన్నదో జ్ఞాపకము రాలేదనియు, ఇంకను వెదకుచున్నాననియు చెప్పినాడు.