ఉండ పాకం

ఎడపల్లి దగ్గర, అలీసాగర్ నీళ్లు పారే చెరుకు తోటల నడుమ, ఒక ముసలాయన ఏటా గానుగ పెట్టి బెల్లం వండేవాడు. పాకానికి ఆయన పెట్టే పరీక్ష ఒక్కటే. చన్నీళ్ల గిన్నెలో చుక్క వేస్తే ఉండ కట్టాలి. కట్టిందంటే కడాయి దించాల్సిందే.

ఒక ఏడు ఆయన జ్వరంతో మంచం పట్టాడు. పొయ్యి ఇద్దరు కొడుకుల మీద పడింది.

పెద్దోడు చుక్క వేశాడు, కరిగిపోయింది. "ఉండ కట్టలే. అంటే ఇంక రసమే" అంటూ పొయ్యిలోకి పిప్పి ఎగదోశాడు. మళ్లీ చూసేసరికి అడుగు మాడి, బెల్లం నల్లబడి చేదెక్కింది.

చిన్నోడు నవ్వాడు. "రసానికి, బెల్లానికి నడుమ గీత యాడుందన్నా? అంతా ఒకటే మరుగుడు." గిన్నె పక్కకు తోసి, తోచినప్పుడు దించాడు. అచ్చుల్లో పోసింది తెల్లారినా గట్టిపడలేదు.

తండ్రి దుప్పటి కప్పుకునే వచ్చాడు. "ఉండ కట్టుడు నా చేతికి గుర్తు బిడ్డా, ఎప్పుడు దించాల్నో తెల్వనీకి. కడాయికి దాంతోని పనేంది? పాకం చిక్కవడుతున్నప్పుడే మంట తగ్గియ్యాలె. ఒకడు గిన్నెనే జూసిండు, ఒకడు గిన్నెనే పారేసిండు."

నీతి: మెటబాలిక్ సిండ్రోమ్ విడిగా ఒక జబ్బా, కొద్దికొద్దిగా ముదిరే ఒకే వరుసా అని డాక్టర్లు వాదించుకునేదీ ఈ గిన్నె దగ్గరే. ఇన్సులిన్ సరిగా పనిచేయని ఒంట్లో బీపీ, చక్కెర, కొవ్వుల తేడాలు గుమిగూడతాయని 1988లో డాక్టర్ జెరాల్డ్ రీవెన్ చెప్పి, దానికి అప్పట్లో 'సిండ్రోమ్ ఎక్స్' అని పేరు పెట్టాడు. చిత్రమేమంటే ఆయన జాబితాలో పొట్ట లేనే లేదు. 2009లో పెద్ద వైద్య సంఘాలు కలిసి ఒప్పుకున్న లెక్క ప్రకారం, మెటబాలిక్ సిండ్రోమ్ అనాలంటే ఈ అంకెలకు చేరినవో దాటినవో ఐదింటిలో మూడు ఉండాలి: నడుము (మన దక్షిణాసియా మగవాళ్లకు 90 సెం.మీ., ఆడవాళ్లకు 80), ట్రైగ్లిజరైడ్లు 150, బీపీ 130/85, పరగడుపు చక్కెర 100, వీటికి తోడు మంచి కొలెస్ట్రాల్ తగ్గడం.

మరి నడుము 89, చక్కెర 99, బీపీ 128/84 ఉన్న ఆయన సంగతి? కాగితం మీద ఆయనకు ఏమీ లేదు. రక్తనాళాలకు మాత్రం 99కీ 100కీ తేడా తెలియదు. అలాగని అంకెలు వద్దనలేం, డాక్టరు ఎక్కడో ఒకచోట నిర్ణయం తీసుకోవాలి కదా. కానీ 'సిండ్రోమ్ లేదు' అనగానే మురిసిపోయి ఇంటికెళ్లే మనిషిని చూస్తే నాకు పెద్దోడే గుర్తొస్తాడు. 2005లో అమెరికా, యూరప్ డయాబెటిస్ సంఘాలు మెటబాలిక్ సిండ్రోమ్ అన్న పేరునే ప్రశ్నిస్తూ డాక్టర్లకు ఒక మాట చెప్పాయి: సిండ్రోమ్ లెక్క కుదిరినా కుదరకపోయినా, కనిపించిన ప్రతి ముప్పుకూ వైద్యం చేయండి.