లాంతరు మీద పేరు

మా అమ్మాయి ఒక కాలెండరు తెచ్చి హాల్లో తగిలించింది. విరుచుకుపడబోతున్న పెద్ద కెరటం, దాని కింద బిక్కుబిక్కుమంటూ పడవలు, దూరంగా బుల్లి ఫూజీ పర్వతం. 1831 ప్రాంతంలో జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన బొమ్మ.

"వేసిన" అన్నాను గాని, ఆయన కాగితం మీద గీసిచ్చేవాడంతే. దాన్ని చెక్క మీద చెక్కేది ఒకరు, రంగులద్ది అచ్చు వేసేది మరొకరు. పేరు మాత్రం ఆయనది!

ఆయనకో కూతురు. పెళ్లాడింది చిత్రకారుణ్ణే గాని, మొగుడి బొమ్మలు చూసి నవ్వేదట. ఇంకేం, కాపరం నిలవలేదు. పుట్టింటికొచ్చి, 1849లో తండ్రి పోయేదాకా ఆయన పక్కనే కూర్చుని బొమ్మలు వేసింది. ఆడవాళ్ల బొమ్మల్లో తనకన్నా కూతురే మెరుగని తండ్రే అన్నాడట. అయినా ఆవిడ పేరుతో మిగిలినవి కొద్ది బొమ్మలే. తండ్రి చివరి బొమ్మల్లో ఆవిడ చెయ్యెంతో ఇప్పటికీ తేలలేదు. ఆవిడ పేరు ఓయి. తండ్రి "ఓయ్" అని కేకేసి పిలవడంవల్లే ఆ పేరొచ్చిందని ఒక కథ.

"అయినవాళ్ల మధ్య పేర్లెందుకోయ్? ప్రేమ చాలదూ?" అన్నారు మావారు.

నిజమేననుకున్నాను. కాని ఓయి వేసిన రాత్రి దృశ్యం ఒకటుంది. అందులో మూడు లాంతర్ల మీద తన పేర్లలోని అక్షరాలు దాచిపెట్టింది. పేరు అక్కర్లేని మనిషి అలా ఎందుకు రాసుకుంటుంది చెప్పండి?

పాపం, ఆవిడా నాలాంటిదే అని జాలిపడ్డాను. మర్నాడు చుట్టాలొచ్చారు. "బొబ్బట్లంటే నీ చేతివేనమ్మా!" అన్నారు. నేను ముసిముసిగా నవ్వాను. వంటింట్లో పెనం దించుతున్న చిన్నత్తయ్య చేతిగాజుల చప్పుడు వినిపించింది. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో బొబ్బట్లు చేస్తున్నది ఆవిడ!

గతుక్కుమన్నాను. నేను ఓయిని కాను, హొకుసాయ్‌ని. ఆయనైనా కూతురే మెరుగని నోరారా ఒప్పుకున్నాడు. నేను అదీ చెయ్యలేదు.

పేరు వద్దనుకోవడం పని చేసినవాళ్ల ఇష్టం. వాళ్ల తరఫున మనం వద్దనేసి, దానికి ప్రేమని పేరు పెట్టడం న్యాయమా?

"ఇవి చిన్నత్తయ్య చేసినవండీ" అన్నాను గట్టిగా.

"ఎందుకే ఆ గోల!" అని లోపల్నించి కసిరింది ఆవిడ. కాని ఎన్నడూ లేనిది, ఆవేళ నేతిగిన్నె పట్టుకుని తనే వడ్డించడానికి వచ్చింది.