రెండో పాట అడగనివాళ్లం

"ఒక్క పాట చాలు, జన్మ ధన్యం" అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు. ఒకే పాటతో పేరొచ్చి ఆ తర్వాత వినపడకుండా పోయినవాళ్ల ప్రస్తావన వస్తే చాలు, ఈ మాటతో తీర్పు చెప్పేసి లేచిపోతారు. నాకిది మింగుడుపడదు. ధన్యమైంది ఎవరి జన్మ? పాడుకున్న మనదా, రాసినాయనదా?

శంకరంబాడి సుందరాచారి సంగతే చూడండి. 'మా తెలుగు తల్లికి' పాటని 1942 నాటి 'దీనబంధు' సినిమా కోసం రాశారు. టంగుటూరి సూర్యకుమారి గొంతులో గ్రామఫోను రికార్డుగా ఊరూరా తిరిగింది. 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగేనాటికి రాష్ట్ర గీతమైంది. చిన్నప్పుడు ముదినేపల్లిలో మేమంతా వరసగా నిలబడి, గొంతు చించుకుని పాడినవాళ్లమే. రాసిందెవరో తెలియదు, తెలుసుకోవాలనీ తోచలేదు. ఆయన హోటల్లో సర్వరుగా, రైల్వే స్టేషన్లో కూలీగా కూడా పనిచేశారు. చివరి రోజులు ఎంతో ఇబ్బందిలో గడిపి 1977లో తిరుపతిలో కన్నుమూశారు. 'సుందర రామాయణం', 'సుందర భారతం' రాశారు, టాగోరు గీతాంజలిని తెలుగు చేశారు. వాటి ఊసెత్తేవాళ్లేరీ?

కొన్నాళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పాట జనంలో కలిసిపోయాక పేరు రాలిపోవడం సహజమే కదా! మా వైపు నాట్ల పాటలు ఎవరు కట్టారు? ఎవరివీ కావు గనకే అందరివీ అయ్యాయి. సుందరాచారి పాట కూడా ఆ వరసలో చేరింది. అది ఘంటసాలకి కూడా దక్కని భాగ్యం. ఆయన పాట చెవినపడితే ముందు తలిచేది ఆయన పేరే. పేరు అక్కర్లేకుండా నిలబడిన పాట ఇంకా గొప్పది అనుకున్నాను. ఈ వాదన నాకు బాగా నచ్చింది, మా పెద్దమ్మ గుర్తొచ్చేదాకా.

మా పొలాలు ఇంకా చేపల చెరువులు కాని రోజులవి. ఎటు చూసినా వరే. నాట్ల ముఠాలో పెద్దమ్మ ముందు పాట ఎత్తుకునేది, మిగతావాళ్లు వెనక అందుకునేవాళ్లు. సీతమ్మ అత్తారింటికి వెళ్లే పాట ఒకటుండేది. దానికోసమే రైతులు ఆమె ముఠాని పిలిచేవాళ్లు. పాట సాగితే నడుం నొప్పి తెలియదు, చేతులు చకచకా ఆడతాయి. కూలి మాత్రం నాటుకే. పాటకి పైసా లేదు.

ఓ మధ్యాహ్నం గట్టు మీద అన్నాలు తింటుంటే రైతు వచ్చి, "ఏవమ్మా, ఆ సీతమ్మ పాట ఎత్తుకో. పొద్దుగూకేలోపు ఈ మడి అయిపోవాలి" అన్నాడు.

పెద్దమ్మ చెయ్యి కడుక్కుంటూ, "పొద్దున పాడిందే కదండీ. నాకింకా చాలా వచ్చండి. ఇంకోటి పాడమని ఒక్కళ్లూ అడగరేంటండీ" అంది.

"అదే బాగుంటదమ్మా" అన్నాడాయన.

ఆమె మళ్లీ అదే ఎత్తుకుంది. తర్వాత మడులు చెరువులయ్యాయి. ముఠా చెదిరింది. పెద్దమ్మ పోయింది. ఆ ఒక్క పాటా మా వైపు ముసలమ్మలకి ఇప్పటికీ వచ్చు. మిగతావి ఆమెతోనే పోయాయి.

నా వాదన అక్కడే కూలింది. పేరు పోయినందుకు పెద్దమ్మ బాధపడలేదు, ఊళ్లో ఆమె పేరు అందరికీ తెలుసు. పాటకి వేరే కూలి ఇచ్చి ఉంటే సరిపోయేదా? సరిపోయేది కాదనే అనుకుంటాను. అలాగని ఇవ్వకపోవడం న్యాయమూ కాదు. ఆ రెండూ దక్కినా, లోపల ఉన్నదాన్ని బయటికి రానివ్వని చెవులు అలాగే ఉంటాయి.

ఇలాంటి చెవులు మన దగ్గరే కాదు. స్పెయిన్‌లో లోస్ డెల్ రియో అనే జంట 1962 నుంచీ పాడుతోంది. 1996లో వాళ్ల 'మకరేనా' అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అంతే, లోకం వాళ్లని ఒక్క పాటవాళ్లని లెక్కగట్టేసింది. అంతకుముందు ముప్ఫై ఏళ్లకు పైగా పాడినవి ఏ లెక్కలోకీ రాలేదు. ఒక్క పాటకే పరిమితమైంది వాళ్లా, మనమా?

రెండో పాట మొదటిదంత బాగుండకపోవచ్చు. చాలాసార్లు బాగుండదు కూడా. అయితే విని, బాగాలేదని చెబుదాం. వినకుండానే ధన్యుణ్ణి చేసి సాగనంపడం కన్నా అదే ఆ మనిషికి గౌరవం.

తిరుపతిలో సుందరాచారికి విగ్రహం ఉంది. దండ వేసేవాళ్లు ఆ రోజు 'సుందర రామాయణం' కూడా కొంత చదివించాలి. మీ ఊళ్లో ఒక్క పాటతో పేరు పడ్డ మనిషి ఎవరైనా ఇంకా బతికుంటే, వెళ్లి కూర్చోండి. ఆ పాట వద్దని, ఇంకోటి పాడమని అడగండి. పాడినందుకు డబ్బులివ్వండి.