కాదనే హక్కు ఎవరిది?

ఎదుటివాణ్ణి బాధపెట్టకుండా ఆ బాధను తన మీద వేసుకోవడమే సత్యాగ్రహం అంటారు. ఈ నిర్వచనంలో 'తన' అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. పన్ను కట్టనన్న రైతు మీద పడే బాధ అతని ఒక్కడిదేనా? ఇంట్లోవాళ్ళదీ, అతని పొలంలో పనిచేసేవాళ్ళదీ కూడా అయినప్పుడు వాళ్ళ సమ్మతి ఎవరు అడిగారు?

గుంటూరు జిల్లా పెదనందిపాడు పన్నుల నిరాకరణ ఉద్యమాన్ని ఈ ప్రశ్నతో మళ్ళీ చూడాలి. అక్కడిది రైత్వారీ. మధ్యలో జమీందారు లేడు. సర్కారే భూస్వామిగా కూర్చుని పట్టాదారు దగ్గర సిస్తు వసూలు చేసుకునేది. 1921 చివర, 1922 మొదట్లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో ఆ ఫిర్కా రైతులు సిస్తు కట్టడం మానేశారు. కరణాలు, మునసబులు రాజీనామాలు ఇచ్చారు. శాంతిసేన ఊరూరా తిరిగి ఎవరూ చెయ్యెత్తకుండా చూసింది. ప్రభుత్వం సైన్యాన్ని దించింది, జప్తులకు దిగింది. వేలానికి పెట్టిన సరుకును పాడుకునేవాళ్ళు దొరకలేదు. ఈ ఉద్యమానికి ఇంకా సమయం రాలేదని గాంధీ కొండ వెంకటప్పయ్యను హెచ్చరిస్తూనే ఉన్నాడు. 1922 ఫిబ్రవరిలో ఉద్యమాన్ని ఉపసంహరించారు. రైతులు సిస్తులు కట్టేశారు.

ఈ కథ చదివినప్పుడల్లా నా చూపు జప్తు దగ్గర ఆగిపోతుంది. చరాస్తి జప్తు అంటే చెయ్యి పడేది ఇంటి సామాను మీద, పాడి మీద. కాగులూ బిందెలూ పోయిన ఇంట్లో కూడా పూట పూటకీ అన్నం వండాలి. గేదెను తోలుకుపోతే పిల్లలకి పాలెక్కడివి? 'రైతు త్యాగం' అన్న ఏకవచనంలో ఇదంతా కలిసిపోయింది.

పన్ను నిరాకరించాలంటే ముందు ఆ పన్ను మన పేరున ఉండాలి. అంటే పట్టా ఉండాలి. పట్టా లేని భార్య సత్యాగ్రహి కాదు, సత్యాగ్రహి ఇల్లాలు. పట్టా లేని కౌలుదారు, పాలేరు, కూలికి వెళ్ళే మాల మాదిగ స్త్రీలు నిరాకరించడానికి సర్కారు పద్దులో వాళ్ళ పేరే లేదు. సర్కారును కాదన్న రైతే తన కూలి మనిషి కాదంటే ఒప్పుకునేవాడా? పల్నాడు పుల్లరి పోరులో జైలుకెళ్ళిన ఉన్నవ లక్ష్మీనారాయణ అక్కడే 'మాలపల్లి' రాశాడు. ఆ నవలలో కూలి గింజల దగ్గర వచ్చే తగాదా ఊరి భూస్వామితోనే. అన్యాయం చేసేది ఒక్క తెల్లదొరే కాదని ఆయనకు ఆనాడే తెలుసు.

అయితే పట్టా లేనివాళ్ళు చేసిన నిరాకరణలు కూడా ఉన్నాయి. 1921లో పల్నాడులో ఊళ్ళకి మకాం వచ్చిన అధికారులకు సాయం అందకుండా పోయింది. బట్టలు ఉతికేవాళ్ళూ, క్షవరం చేసేవాళ్ళూ లేరు. ఆ పనులు రోజూ చేసేవాళ్ళు మానేస్తేనే అది బహిష్కారం అవుతుంది. అదే సంవత్సరం చీరాల పేరాలలో మునిసిపల్ పన్ను వద్దని జనం ఇళ్ళు వదిలి రామనగర్ పాకల్లోకి వెళ్ళారు. నెలల తరబడి ఆ పాకల్లో కాపురాలు నడిపింది ఎవరు? ఆ పోరాటంలో జైలుకెళ్ళిన రావూరి అలమేలమ్మ పేరు మనకు మిగిలింది. పొయ్యి మూడు రాళ్ళూ మార్చుకుని మళ్ళీ వెలిగించిన వాళ్ళ పేర్లు మిగల్లేదు.

ఒక అభ్యంతరం న్యాయమైనదే. అందరినీ అడిగాకే పోరాడాలంటే ఏ పోరాటమూ మొదలు కాదు. పైగా ఆ స్త్రీలను కేవలం బాధితులుగా చూడటం కూడా వాళ్ళని తక్కువ చేయడమే. భర్తలకంటే గట్టిగా నిలబడ్డవాళ్ళూ ఉండి ఉంటారు. నేను అడిగేది వాళ్ళు ఒప్పుకున్నారా లేదా అని కాదు, ఒప్పుకోకపోయే వీలు వాళ్ళకు ఉందా అని. 'వద్దు' అనలేని చోట 'సరే'కి నైతికమైన బరువు ఉండదు. సర్కారు విషయంలో మనం ఈ సూత్రాన్ని వెంటనే ఒప్పుకుంటాం. భయంతో కట్టిన సిస్తును సమ్మతి అనం. మరి ఇంటి గడప లోపల దాన్నే సమ్మతి అని ఎందుకంటున్నాం? ఉపసంహరణ కూడా అంతే. కోల్పోయిన దానికి విలువ ఏమిటో కోల్పోయినవాళ్ళని అడగకుండానే నిర్ణయం జరిగిపోయింది.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాట స్త్రీలను నేరుగా అడిగింది. పెదనందిపాడు స్త్రీలను అలా అడిగే కాలం దాటిపోయింది. ఆ ప్రశ్న మాత్రం ఆ నల్లరేగడిలోనే ఉంది. ఇవాళ గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తీ మిరపా పండించేవాళ్ళలో ఎందరో కౌలురైతులు. 2019లో తెచ్చిన సాగుదారు హక్కుల చట్టం కౌలు పత్రానికి భూయజమాని సంతకం కావాలంది. నోటిమాట కౌలుతో అప్పులపాలై భర్త ఉరివేసుకుంటే, ఆ అప్పు మాత్రం కాగితంతో పనిలేకుండానే భార్యకు సంక్రమిస్తుంది. కౌలు ఎక్కువైందని ఆమె కాదంటే పొలం ఇంకొకరికి పోతుంది. మిరపకాయలు కోసే స్త్రీ కూలి చాలదంటే మర్నాడు ఆటోలో ఆమెకి చోటుండదు.

అహింసను ఎదుటివాడి ఒంటి మీద దెబ్బ పడలేదన్న లెక్కతో మాత్రమే కొలవడం చాలదు. దాని ఖర్చు భరించే మనిషికి ఆ ఖర్చును కాదనే స్వేచ్ఛ ఉందా అని కూడా చూడాలి. ఆ స్వేచ్ఛకు పట్టాలో పేరు, కౌలు కాగితంలో పేరు, ఊరి సభలో మాట అవసరం. అవి లేని ఆమె ఓర్పును సత్యాగ్రహమని పొగడటానికి మనం తొందరపడకూడదు.