లెక్క చూసిన తరువాతే నిష్కామం

చేతిలో ఆఠీను తొమ్మిది, ఎనిమిది. బల్ల మీద తెరిచిన మూడు ముక్కలు ఆఠీను ఏడు, ఆఠీను ఆరు, డైమను రాజు. పోకర్ టోర్నమెంట్లలో ఇలాంటి చేతిని బలమైన డ్రా అంటారు. ఈ క్షణానికి ఆటగాడి దగ్గర జత కూడా లేదు. ఎదుటివాడి దగ్గర ఒక రాజు ఉంటే చాలు, అతనే ముందున్నట్టు. అయితే ఇంకా రెండు ముక్కలు తెరవాలి. మరో ఆఠీను పడితే ఐదూ ఒకే రంగైన ఫ్లష్, ఏ రంగులోనైనా ఐదో పదో పడితే వరసగా ఐదు ముక్కల స్ట్రెయిట్. మిగిలిన ఆఠీన్లు తొమ్మిది, ఐదులూ పదులూ కలిపి ఎనిమిది. ఆఠీను ఐదు, ఆఠీను పది రెండు చోట్లా లెక్కకొచ్చాయి కాబట్టి ఒకసారి తీసేస్తే, చేతిని నిలబెట్టే ముక్కలు 15. ఆటగాడికి కనిపించని 47 ముక్కల్లోంచి రెండు తెరిస్తే ఈ 15లో కనీసం ఒకటి పడే అవకాశం 54 శాతం. ఆ లెక్క చూసుకుని అతను చిప్స్ అన్నీ ముందుకు తోశాడు. ఎదుటివాడు సరేనన్నాడు. రెండు ముక్కలూ కలిసిరాలేదు, అతని టోర్నమెంట్ అక్కడితో ముగిసింది. అతను తప్పు చేశాడా?

పది పడి ఉంటే అతన్ని ధైర్యవంతుడనేవాళ్లు. పడలేదు కాబట్టి తొందరపాటు మనిషి అంటారు. కానీ చిప్స్ తోసిన క్షణంలో అతనికి తెలిసింది రెండు సందర్భాల్లోనూ ఒకటే, చేసిన పనీ ఒకటే. తరువాత తెరిచిన ముక్క వెనక్కి నడిచి ఆ పని గుణాన్ని ఎలా మారుస్తుంది? ఈ ప్రశ్నకు మన దగ్గర సిద్ధంగా ఉండే జవాబు భగవద్గీత రెండో అధ్యాయంలోని 47వ శ్లోకం. పని మీదే నీకు అధికారం, ఫలం మీద లేదు. ఆ శ్లోకాన్ని మనం ఎక్కువగా ఓదార్పు కోసం వాడుకుంటాం. పరీక్ష పోయినప్పుడు, వ్యాపారం మునిగినప్పుడు, ఫలితం గురించి అసలు ఆలోచించవద్దని గీత చెప్పినట్టు చదువుకుంటాం. ఆ చదువు సరికాదని నా వాదన. నిష్కామం అంటే ఫలితాన్ని లెక్కించడం మానేయడం కాదు. లెక్కంతా చూసి, తగిన పని ఏదో తేల్చుకుని, చేసేశాక ఫలం మీద హక్కు వదులుకోవడం. అందుకు సాక్ష్యం గీతలోనే ఉంది. పద్దెనిమిదో అధ్యాయం 25వ శ్లోకం తామస కర్మను నిర్వచిస్తుంది. పర్యవసానాన్నీ, నష్టాన్నీ, ఇతరులకు కలిగే హింసనూ, తన శక్తినీ చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టే పని తామసం. అదే అధ్యాయం 14వ శ్లోకం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతూ అయిదోదిగా దైవాన్ని పెట్టింది. దైవం ఉంది, దాని చోటు దానికుంది. మిగతా నాలుగింటి బాధ్యతను అది మాఫీ చేయదు.

ఇలాంటి డ్రాలు ఈ శ్లోకాల మధ్య సంబంధాన్ని అంకెల్లో చూపిస్తుంది. నాలుగు ఆఠీన్లు మాత్రమే కలిసిన మామూలు ఫ్లష్ డ్రానే తీసుకుందాం. అనుకూలమైనవి తొమ్మిది ముక్కలు, అవకాశం 35 శాతం. పాట్‌లో, అంటే అప్పటికే పందెంగా పడిన కుప్పలో, 2,000 చిప్స్ ఉన్నాయి, ఇద్దరి దగ్గరా చెరి 5,000 మిగిలాయి. ఎదుటివాడు ముందుగా 5,000 తోస్తే దానికి సరేననడం సగటున 800 చిప్స్ నష్టం. అదే 5,000 మనమే ముందు తోసి, అతను సగం సార్లు చేయి వదిలేసే మనిషయితే, సగటున 600 లాభం. ముక్కలు అవే, అవకాశం అదే. మారిందల్లా ఎదుటివాడికి తప్పుకునే దారి మనం ఇచ్చామా, అతను మనకిచ్చాడా అన్నదే. అలాగే నలుగురు మిగిలి, ముగ్గురికి పెద్ద టోర్నమెంట్‌కు సమానమైన టికెట్లు దక్కే పోటీ ఒకటి అనుకుందాం. చిప్స్ అందరికీ సమానం. ఒక్కొక్కరి వాటా విలువ టికెట్‌లో ముప్పాతిక. సాటివాడు చిప్స్ అన్నీ తోస్తే దానికి సరేనంటే, గెలిస్తే టికెట్, ఓడితే సున్నా. పాట్‌లో అప్పటికే పడిన కొద్ది చిప్స్‌ను పక్కన పెడితే 75 శాతం అవకాశం లేనిదే ఆ సాహసం తగదు. మొదట్లో చెప్పిన 15 ముక్కల చేయి కూడా ఇక్కడ వదిలేయాల్సిందే. గంట ముందు అదే చేతితో చిప్స్ తోయడం సరైన పని, ఇప్పుడు తప్పు. పర్యవసానాన్ని చూడనివాడికి ఈ తేడా కనిపించదు. అలాంటివాడు ఫలం ఆశించకుండా ఆడుతున్నానని చెప్పుకోవచ్చు, కానీ అతను చేసేది గీత తామసమన్న పనే.

తెగిపోయిన ఆటకు విలువ కట్టవచ్చన్న ఆలోచన గణితంలో స్థిరపడింది 1654లో. మధ్యలో ఆగిన ఆటలో పందెం సొమ్మును ఎలా పంచాలని పాస్కల్, ఫెర్మా ఉత్తరాలు రాసుకున్నారు, సంభావ్యతా శాస్త్రానికి అక్కడ పునాది పడింది. మన అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం అంతకంటే ఎంతో ముందే ఈ లెక్కను ధర్మంతో ముడివేసింది. నలుడు పుష్కరుడితో పాచికలాడి రాజ్యం పోగొట్టుకున్నది కలి ఆవహించి ఉన్నప్పుడు. తరువాత రథం మీద వెళ్తూ ఋతుపర్ణుడు ఒక తాండ్ర చెట్టు ఆకులూ కాయలూ చూపుతోనే లెక్కగట్టి చెప్పాడు. నలుడు ఊరికే నమ్మలేదు, చెట్టు కొట్టి లెక్కపెట్టి సరిచూసుకున్నాడు. అశ్వహృదయమనే గుర్రాల విద్యకు బదులుగా అతని దగ్గర అక్షహృదయమనే పాచికల విద్య నేర్చుకున్నాడు. ఆ విద్య అబ్బగానే కలి అతని ఒంట్లోంచి బయటికొచ్చాడు. కథలో నాకు అన్నిటికంటే విలువైనది ఈ క్రమం. మోహాన్ని వెళ్లగొట్టింది వైరాగ్యం కాదు, లెక్క తెలియడం.

ఫలితం చెడ్డప్పుడల్లా నా నిర్ణయం మాత్రం మంచిదేనని చెప్పుకోవడానికి ఈ వాదన ఓడినవాడికి సాకు అవుతుందని ఒకరు అనవచ్చు. ఆ ప్రమాదం నిజమే. ఆటగాళ్లు తమకు పనికొచ్చే ముక్కల్ని లెక్కించడంలోనే తమను తాము మోసం చేసుకుంటారు. ఎదుటివాడి దగ్గర ఆఠీను ఆసుతో మరో ఆఠీను ఉంటే, మన తొమ్మిదితో వచ్చే ఫ్లష్ గెలిపించదు, ముంచుతుంది. అప్పుడు 15 అనుకున్నవాటిలో, స్ట్రెయిట్ ఫ్లష్ ఇచ్చే ఐదూ పదీ తప్ప, మిగతా ఆఠీన్లన్నీ కొట్టేయాలి. అందుకే ఈ వాదన సాకుకంటే కఠినమైనది. గెలిచినవాణ్ని కూడా అది వదలదు. ఒక్క ముక్క మీద ఆశతో తోసి గెలిచినవాడు కూడా తప్పు చేసినవాడే, అతని ముందున్న చిప్స్ గుట్ట అతనికి సాక్ష్యం చెప్పదు.

దీనికంటే బరువైన అభ్యంతరం తత్వవేత్తలు బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ 1976లో లేవదీశారు. తాగి బండి నడిపిన ఇద్దరిలో ఒకరికి ఎవరూ అడ్డు రాలేదు, మరొకరికి పిల్లవాడు అడ్డొచ్చి ప్రాణం పోయింది. రెండోవాణ్నే మనం ఎక్కువ దోషి అంటాం, చట్టమూ అంటుంది. అంటే నైతికతలోనూ అదృష్టానికి వాటా ఉన్నట్టే కదా? నా సమాధానం ఒకటే. రెండోవాడు తీర్చాల్సిన రుణం పెద్దది. పోయిన ప్రాణానికి అతను జవాబు చెప్పుకోవాలి, జీవితాంతం మోయాలి. కానీ తాళం తిప్పిన క్షణంలో ఇద్దరి తప్పూ సమానమే. ఇంటికి క్షేమంగా చేరినవాడు తప్పించుకున్నది శిక్షను, దోషాన్ని కాదు. ఈ రెంటినీ కలిపేస్తే, క్షేమంగా చేరినవాడు రేపు మళ్లీ తాగి తాళం తిప్పుతాడు.

జూదంలోంచి ధర్మం నేర్చుకోవడమేమిటని ఇంకొకరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని తేల్చింది. 2025లో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా ఆన్‌లైన్‌లో డబ్బు ఆటలన్నిటినీ నిషేధించింది. అప్పుల్లో కూరుకుపోయి ప్రాణాలు తీసుకున్నవాళ్ల ఇళ్లు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నాయి కాబట్టి ఆ నిషేధం వెనక ఉన్న బాధ నాకు అర్థమవుతుంది. నేను ఎవరినీ ఆడమనడం లేదు. పైగా పందెం కాయడానికి ముందే అడగవలసిన ప్రశ్న ఈ వాదనలోనే ఉంది. ఇది పోతే ఎవరికి నష్టం, ఒడ్డడానికి ఇది నాదేనా? ఇంటి ఖర్చుల సొమ్ముకు 54 శాతం కాదు, 90 శాతం అవకాశం కూడా చాలదు. ధర్మరాజు తప్పును శకుని కపటం మీదికి నెట్టి మనం సమాధానపడుతుంటాం. కానీ సభాపర్వంలో ద్రౌపది అడిగింది పాచికల గురించి కాదు. ముందు తనను తాను ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా అని అడిగింది, అంటే ఒడ్డే అధికారం గురించి. భీష్ముడు జవాబు చెప్పలేకపోయాడు. పాచిక ధర్మరాజు వైపు పడి ఉంటే సభలో ఆ ప్రశ్న ఎవరూ అడిగేవాళ్లు కారు, కానీ భార్యను పణంగా ఒడ్డిన తప్పు అప్పుడూ అంతే ఉండేది.